దసరా నుంచి ఆస్కార్ దాకా: బెంగళూరు తెలుగు ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీటీఎం లేఅవుట్, మడివాళ, కోరమంగళ చుట్టుపక్కల ఉండే ఇరవై మందిమి కలిసి సినిమాలు చూస్తుంటాం. అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లం. ప్రతి ఏడాదీ వినాయక చవితి దగ్గరికొచ్చేసరికి మా వాట్సాప్ గ్రూపులో అవే సందేహాలు మొదలవుతాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటినుంచి అడుగుతారు, పాతవాళ్లు పోయినేడు విన్న జవాబు మర్చిపోయి మళ్లీ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## సీజన్ మొదలయ్యే ముందు

అవార్డు సినిమాలన్నీ సెప్టెంబర్, డిసెంబర్ మధ్యే ఎందుకు వస్తాయి?

ఆస్కార్‌కి లెక్క జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా. ఓటు వేసేవాళ్లు జనవరిలో బ్యాలెట్ ముందు కూర్చునేసరికి సినిమా వాళ్ల మనసులో తాజాగా ఉండాలని స్టూడియోల ఆశ. పైగా వెనిస్, టెల్యూరైడ్, టొరంటో సినిమా ఫెస్టివల్స్ మూడూ ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ మధ్య లోపు వరసగా జరుగుతాయి. అక్కడ వచ్చిన పేరు చల్లారకముందే విడుదల చేస్తారు. మన నిర్మాతలకు సంక్రాంతి ఎలాగో వాళ్లకు ఈ నాలుగు నెలలు అలాగ.

అలాగని మిగతా నెలల్లో వచ్చినవాటిని వదిలేయకండి. ఉత్తమ చిత్రంగా గెలిచిన ఓపెన్‌హైమర్ 2023 జులైలో వచ్చింది. అంతకుముందు ఏడాది గెలిచిన ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ అమెరికాలో మార్చిలోనే విడుదలైంది.

ఈసారి దసరా, దీపావళి ఇంత ఆలస్యమేంటి? సినిమాలకు దానితో పనేంటి?

2026లో అధిక జ్యేష్ఠ మాసం వచ్చింది. దాంతో తర్వాతి పండగలన్నీ వెనక్కి జరిగాయి. పోయినేడు విజయదశమి అక్టోబర్ 2న వస్తే ఈ ఏడు అక్టోబర్ 20, మంగళవారం. దీపావళి నవంబర్ 8, ఆదివారం.

మనకిది మంచి వార్త. మామూలుగా అక్టోబర్ మొదటి వారాల్లోనే తెలుగు, కన్నడ పండగ సినిమాలు స్క్రీన్లన్నీ తీసేసుకుంటాయి. హాలీవుడ్ సినిమాకి మిగిలేది ఉదయం తొమ్మిదింటి ఆట, లేకపోతే రాత్రి పదకొండుది. ఈసారి అక్టోబర్ మొదటి రెండు వారాలు కాస్త ఖాళీ దొరుకుతుంది. బయటి సినిమాలు చూడాలనుకునేవాళ్లు ఆ రెండు వారాల్లోనే చూసేయండి. పదహారో తేదీ శుక్రవారం వచ్చిందంటే ఇక పండగ సినిమాలదే రాజ్యం.

ఈ ఏడు ఏ సినిమాల మీద కన్నేసి ఉంచాలి?

ప్రకటించిన తేదీల ప్రకారం నా డైరీలో నాలుగు ఉన్నాయి.

అక్టోబర్ 2న డిగ్గర్. దర్శకుడు ఇన్యారిటు, హీరో టామ్ క్రూజ్. వరసగా రెండేళ్లు ఉత్తమ దర్శకుడి ఆస్కార్ అందుకున్న మనిషి ఇన్యారిటు. ఆయన చేతిలో టామ్ క్రూజ్ పడితే ఎలా ఉంటుందన్నదే నా ఆసక్తంతా.

అక్టోబర్ 9న ది సోషల్ రెకనింగ్. 2010లో వచ్చిన ది సోషల్ నెట్‌వర్క్‌కి స్క్రీన్‌ప్లే రాసి ఆస్కార్ గెలిచిన ఆరన్ సార్కిన్ ఈసారి తనే దర్శకత్వం కూడా చేశాడు. ఫేస్‌బుక్ లోపలి కాగితాలను బయటపెట్టిన ఉద్యోగిని కథ. మా బృందంలో సగం మంది సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. రోజూ కంపెనీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకు ఈ కథ వేరేగా తగులుతుంది. నాలుగింటిలో ఒకటే చూస్తామంటే ఇదే చూడమంటాను.

దీపావళికి నితేశ్ తివారీ రామాయణ మొదటి భాగం. రాముడిగా రణబీర్ కపూర్, సీతగా సాయిపల్లవి, రావణుడిగా యశ్. బెంగళూరులో యశ్ సినిమా అంటే ఎంత సందడో మీకు చెప్పక్కర్లేదు. సాయిపల్లవి అంటే మనవాళ్లు ప్రాణం పెడతారు. ఈ ఊళ్లో టికెట్ అన్నిటికన్నా కష్టమయ్యేది దీనికే అని నా అంచనా.

డిసెంబర్ 18న డ్యూన్ పార్ట్ త్రీ. మొదటి భాగానికి ఆరు ఆస్కార్లు, రెండోదానికి రెండు వచ్చాయి. సౌండ్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో దీని పేరు వినిపించకపోతే ఆశ్చర్యపోవాలి.

తేదీ ప్రకటించాక కూడా మన సినిమాలు వాయిదా పడుతున్నాయి. లీవు ఎప్పుడు పెట్టుకోవాలి?

పోస్టర్ మీద తేదీ చూసి పెట్టుకోవద్దు. ఓజీ మొదట 2024 సెప్టెంబర్ 27 అన్నారు. అది తప్పుకుంటే ఆ తేదీకి దేవర వచ్చింది. ఓజీ చివరికి 2025 సెప్టెంబర్ 25న విడుదలైంది. అంటే దాదాపు ఏడాది. గ్రాఫిక్స్ పూర్తికాకపోవడం, ఓటీటీ బేరం తేలకపోవడం, ఇంకో పెద్ద సినిమా అడ్డు రావడం, కారణాలు చాలా ఉంటాయి. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందంటే సగం నమ్మొచ్చు. మన ఊళ్లో బుకింగ్స్ తెరిచాక మేనేజర్‌కి మెయిల్ పెట్టండి.

## ఫెస్టివల్స్ జరిగే రోజుల్లో

వెనిస్, టెల్యూరైడ్, టొరంటో... వీటిలో దేన్ని పట్టించుకోవాలి?

వెనిస్ అన్నిటికన్నా పాతది, 1932లో మొదలైంది. అక్కడి పెద్ద బహుమతి గోల్డెన్ లయన్. దాన్ని గెలిచిన ది షేప్ ఆఫ్ వాటర్ (2017), నోమాడ్‌ల్యాండ్ (2020) తర్వాత ఆస్కార్‌లోనూ ఉత్తమ చిత్రాలయ్యాయి. టెల్యూరైడ్ అమెరికాలో కొండల మధ్య ఓ చిన్న ఊరు. అక్కడ ఏ సినిమాలు వేస్తారో దాదాపు ముందు రోజు దాకా చెప్పరు.

నేను మాత్రం టొరంటోనే ఎక్కువ నమ్ముతాను. అక్కడి ముఖ్యమైన బహుమతిని టికెట్ కొనుక్కుని చూసిన ప్రేక్షకులే ఓటు వేసి ఇస్తారు. స్లమ్‌డాగ్ మిలియనీర్, ది కింగ్స్ స్పీచ్, ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్, గ్రీన్ బుక్, నోమాడ్‌ల్యాండ్ ఇవన్నీ అక్కడ ఆ బహుమతి గెలిచి తర్వాత ఉత్తమ చిత్రం ఆస్కార్ పట్టుకెళ్లినవే. మామూలు జనానికి నచ్చిన సినిమా మనకీ నచ్చే అవకాశం ఎక్కువ.

మే నెలలో జరిగే కాన్స్‌ని కూడా మర్చిపోకూడదు. పారాసైట్, అనోరా రెండూ అక్కడి పెద్ద బహుమతి పామ్ డోర్‌తో మొదలై ఆస్కార్ దాకా వెళ్లాయి.

ఫెస్టివల్లో పది నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారట. అంత గొప్ప సినిమానా?

దాన్ని కొలతగా తీసుకోకండి. దర్శకుడు, నటులు ఎదురుగా ఉన్నప్పుడు మర్యాదకైనా లేచి నిలబడతారు. మర్నాడు వచ్చే రివ్యూలు చదవండి.

మన దేశం తరఫున ఆస్కార్‌కి సినిమాను ఎవరు పంపిస్తారు?

ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. వాళ్లు వేసిన కమిటీ పోటీకి వచ్చిన సినిమాలన్నీ చూసి ఒకటి ఎంచుతుంది. మామూలుగా సెప్టెంబర్‌లో ఆ పేరు ప్రకటిస్తారు. ఒక దేశం పంపేది ఒకటే సినిమా. దేశం తరఫున అది పోటీ పడేది అంతర్జాతీయ చిత్రం అనే ఒక్క విభాగంలోనే. మాటల్లో సగానికి పైగా ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి, అమెరికా బయట వరసగా కనీసం ఏడు రోజులు థియేటర్లో ఆడి ఉండాలి. అన్ని దేశాల సినిమాల్లోంచి మొదట 15, తర్వాత 5 మిగులుతాయి. ఆ ఐదు దాకా మన దేశం నుంచి చేరినవి మదర్ ఇండియా, సలాం బాంబే, లగాన్. 2025లో పంపిన హోంబౌండ్ 15లో చోటు తెచ్చుకుని అక్కడే ఆగింది.

ఆర్‌ఆర్‌ఆర్‌ని మన దేశం పంపలేదు కదా, మరి ఆస్కార్ ఎలా వచ్చింది?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆస్కార్‌కి దారి ఒక్కటే ఉందని చాలామంది అనుకుంటారు. దేశం పంపే దారి ఒకటి, అది అంతర్జాతీయ చిత్రం విభాగానికి మాత్రమే. మిగతా చాలా విభాగాలకు ఏ భాష సినిమా అయినా నేరుగా పోటీ పడొచ్చు. నిర్ణయించిన అమెరికా నగరాల్లో ఒకదానిలో వరసగా కనీసం ఏడు రోజులు థియేటర్లో ఆడాలన్నది మొదటి షరతు.

2022లో మన దేశం గుజరాతీ సినిమా ఛెల్లో షోను పంపింది. ఆర్‌ఆర్‌ఆర్ బృందం రెండో దారి పట్టుకుంది. అమెరికా థియేటర్లలో జనం లేచి గంతులేస్తున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఊపే ప్రచారమైంది. నాటు నాటు ఉత్తమ ఒరిజినల్ సాంగ్ విభాగంలో నామినేట్ అయి గెలిచింది, కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు.

కాబట్టి సెప్టెంబర్‌లో ఎంపిక ప్రకటన వచ్చి, అది మీకు నచ్చిన తెలుగు సినిమా కాకపోతే కథ ముగిసిందనుకోవద్దు. అయితే ఆ రెండో దారికి డబ్బు, ఓపిక, అమెరికాలో పంపిణీ చేసేవాళ్లు కావాలి. చిన్న సినిమాకి అంత స్తోమత ఉండదు. నాకు నిజంగా బాధగా ఉండేది అక్కడే.

తెలుగు సినిమా ఒక్కటైనా మన దేశం తరఫున అధికారికంగా వెళ్లిందా?

వెళ్లింది. 1986లో కె. విశ్వనాథ్ గారి స్వాతిముత్యం. నామినేషన్ రాలేదు. ఆ సినిమా కమల్‌హాసన్‌దని మా కన్నడ స్నేహితులకు తెలుసు, తెలుగు సినిమా అని మాత్రం చాలామందికి తెలియదు. అవకాశం వచ్చినప్పుడల్లా చెబుతుంటాను.

## బెంగళూరులో, థియేటర్ దగ్గర

పండగ సినిమా మల్టీప్లెక్స్‌లో చూడాలా, సింగిల్ స్క్రీన్‌లో చూడాలా?

మొదటి రోజైతే సింగిల్ స్క్రీనే. లాల్‌బాగ్ రోడ్‌లో ఊర్వశి, మడివాళ వైపు సంధ్య. పొద్దున ఆటకి మనవాళ్ల అరుపులు వింటే తిరుపతిలోనో కర్నూల్లోనో ఉన్నామనిపిస్తుంది. మాటలు సరిగ్గా వినాలి, చిన్నపిల్లలున్నారు అంటే సోమవారం మల్టీప్లెక్స్‌కి వెళ్లండి.

అవార్డుల సినిమా మన దగ్గరికి వచ్చేసరికి ఎన్నాళ్లు ఆడుతుంది? రెండో వారం చూడొచ్చా?

చూడలేకపోవచ్చు. నాకు జరిగిందే చెబుతాను.

పాయల్ కపాడియా సినిమా ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్ 2024లో కాన్స్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచింది. ముప్పై ఏళ్ల తర్వాత అక్కడి ప్రధాన పోటీలోకి వెళ్లిన భారతీయ సినిమా. దాన్ని మన దేశంలో విడుదల చేసింది మన రానా దగ్గుబాటి సంస్థ. నవంబర్ 22, శుక్రవారం వచ్చింది. మా ఇంటి దగ్గరి మల్టీప్లెక్స్‌లో రోజుకి రెండు ఆటలు. మేం ఆరుగురం ఆదివారం సాయంత్రం వెళ్లాం. హాల్లో మొత్తం పాతిక మంది కూడా లేరు. సినిమాలో, ముంబైలో పనిచేసే నర్సు ప్రభకి జర్మనీ నుంచి ఒక రైస్ కుక్కర్ వస్తుంది. భర్త ఉండేది అక్కడే, ఏళ్లుగా ఫోన్ కూడా లేదు. రాత్రిపూట వంటింట్లో నేల మీద కూర్చుని ఆవిడ ఆ కుక్కర్‌ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంటుంది. ఒక్క మాట లేదు. నా పక్క సీట్లో కూర్చున్న కదిరి అమ్మాయి, తనూ నర్సే, ఆ తర్వాత చాలాసేపు పాప్‌కార్న్ ముట్టుకోలేదు.

ఆ రాత్రి గ్రూపులో రాశాను, అందరూ చూడండని. 'వచ్చే వారం వెళ్దాం' అన్నారు. రెండో వారానికి రాత్రి పదింటి ఆట ఒక్కటే మిగిలింది. డిసెంబర్ 5న పుష్ప 2 వచ్చింది, ఆ ఒక్కటీ పోయింది. పుష్ప 2 తప్పేమీ లేదు, దాన్నీ మొదటి రోజే చూశాం. కానీ ఆ సినిమా నెల తర్వాత కూడా ఆడుతూనే ఉంది. చిన్న సినిమాకి దొరికింది పదమూడు రోజులు.

అప్పటినుంచి మా బృందంలో ఒకటే పద్ధతి. ఒకే వారంలో రెండూ ఉంటే చిన్నదానికి ముందు వెళ్తాం. కొత్త సినిమాలు శుక్రవారం వస్తాయి కాబట్టి, మీరు చూడాలనుకున్నదాన్ని గురువారం లోపు చూసేయండి. బుధవారం రాత్రి యాప్ తెరిచి వచ్చే వారం ఆటలు చూడటం అలవాటు చేసుకోండి.

కర్ణాటకలో టికెట్ 200 దాటదన్నారు, మరి ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారు?

2025 సెప్టెంబర్‌లో ప్రభుత్వం అన్ని థియేటర్లకూ పన్ను కాకుండా 200 రూపాయల పరిమితి పెట్టింది. 75 సీట్ల లోపు ఖరీదైన హాళ్లకు మినహాయింపు ఇచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తక్కువలో చూడాలంటే వారం మధ్యలో పొద్దున ఆటలు వెతకండి. ఒకే సినిమాకి ఒకే హాల్లో మంగళవారం ఉదయానికీ శనివారం రాత్రికీ సగానికి సగం తేడా ఉంటుంది.

అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవలేరు. వాళ్లని ఇలాంటి సినిమాలకు తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, సినిమా చూసి ఎంచుకోండి. మాటల మీద నడిచేది వద్దు, సోషల్ రెకనింగ్ లాంటిదైతే గంటన్నర మీరే చెవిలో చెబుతూ కూర్చోవాలి. కళ్లతో అర్థమయ్యేవి పరవాలేదు. మా అమ్మ ఓసారి అరవై ఏళ్ల వయసులో ఇరానీ సినిమా చూసింది. వెళ్లేముందు కథ మొదటి పావుగంట వరకు ఇంట్లోనే చెప్పాను, కాఫీ తాగుతూ. మిగతాది తనే పట్టుకుంది. బయటికొచ్చాక 'ఆ పిల్ల తల్లి మన సుబ్బమ్మత్త లాగే ఉందే' అంది.

ఓటీటీలో వచ్చేదాకా ఆగితే ఏమవుతుంది?

తెలుగు సినిమాలు చాలావరకు నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. హిందీ సినిమాకి మాత్రం పెద్ద మల్టీప్లెక్స్ సంస్థలు ఎనిమిది వారాలు పట్టుబడతాయి. విదేశీ సినిమాలకు ఒక లెక్క లేదు. కొన్ని మన దేశంలో థియేటర్‌కే రావు, నేరుగా ఓటీటీకి వెళ్తాయి, ఇంకొన్ని అద్దెకు మాత్రమే దొరుకుతాయి. సౌండ్, కెమెరా విభాగాల్లో పేరొచ్చిన సినిమాను ఫోన్‌లో చూస్తే మాత్రం దాని సగం బలం పోతుంది.

ఇతర దేశాల సినిమాలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి?

బెంగళూరు అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మంచి అవకాశం. కర్ణాటక చలనచిత్ర అకాడమీ నడుపుతుంది. మామూలుగా ఏడాది మొదటి నెలల్లో వస్తుంది, అంటే ఆస్కార్ నామినేషన్ల వేళకి. వేరే దేశాలు ఆస్కార్‌కి పంపిన సినిమాలు చాలా అక్కడ వేస్తారు. ఒక పాస్ తీసుకుంటే వారమంతా చూడొచ్చు. క్యూలో కనీసం నలభై నిమిషాల ముందు నిలబడండి, పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు.

బనశంకరిలోని సుచిత్ర ఫిల్మ్ సొసైటీ 1971 నుంచి ఉంది. అక్కడ సినిమా అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటారు, కన్నడలో, ఇంగ్లీషులో. తెలుగువాళ్లమని ఎవరూ వేరుగా చూడరు. సెలవు దొరికితే నవంబర్ 20 ప్రాంతంలో గోవాలో మొదలయ్యే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇఫీకి రాత్రి బస్సెక్కండి.

## నామినేషన్లు వచ్చాక

ఎక్కువ మందికి నచ్చిన సినిమాకే ఉత్తమ చిత్రం ఆస్కార్ వస్తుందా?

'ఎక్కువ మందికి మొదటగా నచ్చింది' అనుకుంటే పొరపాటు. ఉత్తమ చిత్రానికి పది నామినేషన్లు. ఓటరు ఒక్కదానికి టిక్ పెట్టడు, పదింటికీ వరస పెడతాడు. మొదటి స్థానాల్లో సగానికి పైగా ఏ సినిమాకీ రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి, ఆ ఓట్లను వాళ్లు రెండో స్థానంలో రాసిన సినిమాలకు పంచుతారు. ఏదో ఒకటి సగం దాటేదాకా ఇలాగే.

మా ఇంట్లో ఐదుగురం కూర్చుని ఒకసారి ఇలా వేసి చూశాం. ఇద్దరికి ప్రాణమైన సినిమా, మిగతా ముగ్గురూ చివర్లో పెట్టడంతో ఓడిపోయింది. గెలిచింది ఎవరికీ కోపం తెప్పించని సినిమా. ఆస్కార్ ఫలితం చూసి 'ఇదేంటి' అనిపించినప్పుడల్లా చాలాసార్లు కారణం ఇదే. 2025లో ఇంకో నియమం కూడా తెచ్చారు. చివరి విడతలో ఒక విభాగానికి ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. ఎప్పుడో రావాల్సిన నియమమది.

జాతీయ అవార్డులు కూడా ఈ సీజన్‌లోనే వస్తాయా?

వాటి లెక్క వేరు. ఆ ఏడాది జనవరి, డిసెంబర్ మధ్య సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సినిమాలు పోటీకి అర్హం. ప్రకటన మాత్రం బాగా ఆలస్యమవుతోంది. 2023 సినిమాలకు 71వ జాతీయ అవార్డులను 2025 ఆగస్టు 1న ప్రకటించారు. ఉత్తమ తెలుగు చిత్రం భగవంత్ కేసరి, ఉత్తమ గీత రచన బలగం పాటకి కాసర్ల శ్యామ్. అంటే ఈ శరత్కాలంలో మీరు చూసే సినిమాకి జాతీయ అవార్డు వచ్చేసరికి మీరు దాన్ని రెండోసారి ఓటీటీలో చూసేసి ఉంటారు.

ఆస్కార్ వేడుక మన టైమ్‌లో ఎప్పుడు? లైవ్ చూడాలంటే ఎలా?

అమెరికాలో మార్చి నెల ఆదివారం సాయంత్రం అంటే మనకి సోమవారం తెల్లవారుజాము. ఇటీవల నాలుగున్నర, ఐదున్నర మధ్య మొదలవుతోంది. ఆఫీసుకి వెళ్లే వేళకి పెద్ద అవార్డులు మొదలవుతాయి. సోమవారం మీటింగ్ ఉంటే మొదటి సగం సెలవు ముందే అడిగి పెట్టుకోండి.

2023 మార్చి 13న నేను కంపెనీ బస్సులో ఉన్నాను, సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ముందు సీట్లో ఒకాయన ఫోన్‌లో లైవ్ పెట్టాడు, ఇయర్‌ఫోన్స్ తీసేసి సౌండ్ పెంచాడు. నాటు నాటు పేరు చదవగానే బస్సులో ఉన్న తెలుగువాళ్లం ఏడుగురం ఒక్కసారి లేచాం. అంతకుముందు మేం ఏడుగురం తెలుగువాళ్లమని ఒకరికొకరికి తెలియదు. డ్రైవరన్న కన్నడిగుడు, అద్దంలో చూసి హారన్ రెండుసార్లు కొట్టాడు. కీరవాణి గారు వేదిక మీద తన మాటల్ని పాటగా పాడుతుంటే సిగ్నల్ పచ్చబడింది. వెనకున్న బండ్లన్నీ హారన్లు కొడుతున్నా, పాట అయ్యేదాకా ఆయన బస్సు కదపలేదు.